సంచి అడుగున ఉన్న లైటు ఇంట్లో ఉన్నట్టే

ప్రశ్న: నేను నల్లగొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఊరు దేవరకొండ రోడ్డు మీద, స్టేజీ నుంచి లోపలికి కిలోమీటరున్నర. సెకండ్ షిఫ్టు అయిపోయి బస్సు దిగేసరికి రాత్రి పదవుతుంది. దారికి ఒక పక్క పత్తి చేను, ఇంకో పక్క బత్తాయి తోట. ఊరి మొదట్లో తప్ప వీధి లైట్లు లేవు. ఇన్నాళ్లూ ఫోన్ లైటుతోనే నడిచాను. పోయిన నెల ఇద్దరు బండి మీద వచ్చి, నా పక్కన స్లో చేసి, ఏదో కూసి వెళ్లారు. అప్పటి నుంచి స్టేజీ దగ్గర పడుతుంటేనే టెన్షన్. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో రెండు టార్చీలు చూపించాడు. ఒకటి ‘టాక్టికల్’ అట, మూతి పళ్లు పళ్లుగా ఉంది, టపటపా మిణుకుమనే స్ట్రోబ్ ఉంది, లక్ష ల్యూమెన్లు అని రాశారు. రెండోది నొక్కితే షాక్ కొట్టేది. పదిహేను వందల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? మా అమ్మ తనకూ ఒకటి కావాలంటోంది.

జవాబు: బిడ్డా, నువ్వు మా చిన్నమ్మాయి ఈడుదానివి. అందుకే మీరు, గారు లేకుండా రాస్తున్నా, ఏమనుకోకు.

మీ తమ్ముడు చూపించిన రెండూ వద్దు. నీకు కావలసింది పిడికిట్లో ఇమిడే మామూలు టార్చి. వెనక చివర బొటనవేలితో నొక్కే స్విచ్చు, మూడు నాలుగు వందల ల్యూమెన్లు (మొత్తం వెలుగుకు కొలత), తీసి మార్చుకునే సెల్లు, వానకు తడిసినా ఆగిపోని ఒళ్లు ఉంటే చాలు. ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది నిదానంగా చదువు.

నేను ముప్పై రెండేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయినవాణ్ని. మన ఊళ్లలో పెద్దవాళ్లు టార్చిని ఇప్పటికీ ‘బ్యాట్రి’ అనే అంటారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇచ్చారు గానీ, అంతకుముందు త్రీఫేజు చాలాసార్లు రాత్రిపూటే వచ్చేది. రైతు బ్యాట్రి పట్టుకుని బావికాడికి పోయి మోటారు వేసుకునేవాడు. ఫ్యూజు పోతే నాకు కబురు వచ్చేది. అట్లా ఒక వానాకాలం రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయాను. నా చేతిలో కొత్త లైటు, పట్టపగల్లా ఉంది. దాన్ని కళ్లకు సమానంగా ఎత్తిపట్టి పైన ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్చు వైపు చూస్తూ నడుస్తున్నాను. నా వెనక వస్తున్న రైతు చేతిలో గుడ్డి వెలుగు ఇచ్చే మూడు సెల్లుల పాత బ్యాట్రి. దాన్ని మోకాలి దగ్గర పట్టుకుని నేల వెంట వేస్తున్నాడు. ‘అన్నా, ఆగు’ అన్నాడు. దిమ్మె అంచున కట్లపాము, నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల గీతలు. నా కాలికి మూరెడు దూరం.

నా లైటు అతని లైటుకన్నా పదింతలు ఎక్కువ. అయినా నాకు కనపడలేదు. లైటు కంటి ఎత్తులో ఉంటే కన్ను చూసే దారిలోనే వెలుగూ పోతుంది, వస్తువు నీడ దాని వెనకే దాక్కుంటుంది. గుంత, రాయి, పాము అన్నీ నేలలో కలిసిపోయి చదునుగా కనిపిస్తాయి. అదే లైటును నడుం కింద పట్టి ఏటవాలుగా వేస్తే చిన్న గులకరాయికి కూడా పొడుగాటి నీడ పడుతుంది. తలకు కట్టుకునే లైటు నీకు వద్దనేది కూడా ఇందుకే. ఇంకో మాట. కుక్క, పిల్లి, బర్రె కళ్లు లైటు పడితే మెరుస్తాయి. పాము కళ్లు అలా మెరవవు. మెరుపు కోసం ఎదురుచూడకు, ఆకారం కోసం, నీడ కోసం చూడు. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు వేసుకో. పాము కరిస్తే ఏం చేయాలో నర్సువు నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఈ ల్యూమెన్ల సంగతి. డబ్బా మీద లక్ష అని రాయడానికి సిరా ఖర్చు తప్ప ఏమీ కాదు. కార్లకు ఇదివరకు వచ్చిన హెచ్4 హాలోజెన్ బల్బు లోబీమ్‌లో ఇచ్చేది వెయ్యి ల్యూమెన్లు, హైబీమ్‌లో 1650. కారుకు రెండు బల్బులు, అంటే అరచేతిలో పట్టే టార్చి ముప్పై కార్ల హైబీమ్ ఇస్తుందంటే నమ్మడమెట్లా? నిజంగా వెయ్యి ల్యూమెన్లు ఇచ్చే మంచి చిన్న టార్చీలు లేకపోలేదు. అవి కూడా ఆ వెలుగు ఒకటి రెండు నిమిషాలే ఇస్తాయి. ఒళ్లు వేడెక్కగానే తనంతట తానే మూడో వంతుకు తగ్గించుకుంటాయి. అది లోపం కాదు, తగ్గకపోతే నీ చెయ్యి కాలుతుంది.

ల్యూమెన్ల పక్కన క్యాండెలా అని ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. బోరు మోటారు పోసే మొత్తం నీళ్లు ల్యూమెన్లు అనుకో. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు చివ్వున దూరం పోతాయి చూడు, ఆ జోరు క్యాండెలా. ఫోన్ లైటులో నీళ్లు ఉన్నాయి, జోరు లేదు. అందుకే నాలుగడుగుల అవతల ఏమీ కనిపించదు. లెక్క సులువే, క్యాండెలా వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 2,500 క్యాండెలా అయితే వంద మీటర్లు, 10,000 అయితే రెండు వందలు. డబ్బా మీద దూరం రాసేది ఈ లెక్కతోనే. కానీ ఆ చివరి దూరంలో పడేది పున్నమి వెన్నెలంత వెలుగు మాత్రమే. అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అందుకే అందులో సగమే లెక్కలోకి తీసుకో. నీ దారికి ఐదు వేల నుంచి పదివేల క్యాండెలా సరిపోతుంది. క్యాండెలా గానీ, వెలుగు పోయే దూరం గానీ అసలు రాయకుండా ల్యూమెన్లే పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ పేజీ మూసెయ్యి.

ఎంతసేపు వెలుగుతుందనే అంకెలోనూ ఒక మెలిక ఉంది. టార్చీలకు ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగు మొదట్లో ఉన్నదానిలో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన టైమంతా లెక్కే. ఐదు గంటలు అని ఉంటే ఐదు గంటలూ అదే వెలుగని కాదు. నీ నడక ఇరవై నిమిషాలు, దీని గురించి ఎక్కువ ఆలోచించకు.

స్విచ్చు గురించి మాత్రం ఆలోచించు. చీకట్లో, భయంలో, చెమట పట్టిన చేతికి రెండు మూడు బటన్లు ఉంటే ఏది ఏదో తెలియదు. వెనక చివర ఒకే స్విచ్చు ఉంటే పిడికిలి బిగించి బొటనవేలు పెడితే అయిపోతుంది. మెత్తగా నొక్కి పట్టినంతసేపు వెలిగి, వదిలితే ఆరిపోయేది అయితే ఇంకా మంచిది. తెలుసా, ఫ్లాష్‌లైట్ అనే పేరు వచ్చింది ఇట్లాగే. 1899లో అమెరికాలో దీనికి పేటెంటు వచ్చిన రోజుల్లో సెల్లులో బలం ఉండేది కాదు. కాసేపు వెలిగించి, ఆపి, మళ్లీ వెలిగించాల్సి వచ్చేది. సెల్లు బాగుపడి వందేళ్లు దాటినా ఆ అలవాటు మంచిదే. ఇంకో షరతు, నొక్కగానే ఎప్పుడూ ఒకే వెలుగు రావాలి. ఒకరోజు చిన్న వెలుగు, ఒకరోజు స్ట్రోబ్ వచ్చే లైటు నీకు పనికిరాదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం.

స్ట్రోబ్ ఎదుటివాణ్ని తికమక పెడుతుందని అమ్మేవాళ్లు చెప్తారు. కొంత నిజమే. కానీ ఆ మిణుకులో నీకు కూడా వాడు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాడు, ఎంత దూరంలో ఉన్నాడో, చేతిలో ఏముందో సరిగ్గా అందదు. దాన్ని పెట్టాలంటే రెండుసార్లు నొక్కాలో మూడుసార్లు నొక్కాలో ఆ క్షణంలో గుర్తుకు రాదు. పైగా కొందరికి అలాంటి మిణుకు వెలుగుతో ఫిట్స్ వస్తాయి, అది నీకు తెలిసిన విషయమే. చీకటికి అలవాటు పడ్డ కంట్లో నిలకడగా మూడు వందల ల్యూమెన్లు కొడితే చాలు. ఎవడైనా మొహం తిప్పుకుంటాడు, కళ్ల ముందు మచ్చలు తేలుతుంటాయి. నీకు దొరికేది కొన్ని సెకన్లు. ఆ సెకన్లు పరుగెత్తడానికి, అరవడానికి. దగ్గరికి పోయి కొట్టడానికి కాదు.

అందుకే పళ్లున్న మూతి వద్దన్నాను. మొదట అది చింపేది నీ సంచి గుడ్డనే. ఒకవేళ దాంతో ఎవరి తల మీదైనా కొడితే లోతైన గాయం అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. నిన్ను నువ్వు కాపాడుకునే హక్కు చట్టం ఇచ్చింది, దానికి జంకాల్సిన పని లేదు. కాకపోతే కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకన్నా ఎక్కువ హాని చేయకూడదని 37వ సెక్షన్ గీత గీసింది. లైటు కొట్టి పరుగెత్తితే ఆ గీత దరిదాపుల్లోకి కూడా పోవు.

షాక్ టార్చి మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. డబ్బా మీద లక్షల వోల్టులు అని ఉంటుంది. మా నెత్తి మీద తీగల్లో పారేది పదకొండు వేలు. దానికే మేం లైన్ క్లియర్ తీసుకుని, ఎర్త్ చేసి, దండం పెట్టుకుని స్తంభం ఎక్కేవాళ్లం. గాలిలో ఒక సెంటీమీటరు నిప్పురవ్వ దూకాలంటే సుమారు ముప్పై వేల వోల్టులు కావాలి. ఆ టార్చి మూతి దగ్గర చిటచిటలాడే రవ్వ సెంటీమీటరు ఉంటే వోల్టులెన్నో నువ్వే లెక్క కట్టు. సరే, వోల్టులు అటుంచు. అది పనిచేయాలంటే వాడి ఒంటికి ఆనించి పట్టాలి. వాడి చెయ్యి నీకు అందుతోందంటే నీ చెయ్యి వాడికి అందినట్టే. అది లాక్కుంటే? లైటు పది గజాల అవతలి నుంచే పనిచేస్తుంది, నాకు నచ్చింది అందులో ఆ దూరమే.

ఆ బండి మీది ఇద్దరు మళ్లీ వస్తే మొహాల మీద లైటు వేయకు. నడుపుతున్నవాడికి కళ్లు కనపడక బండి నీ మీదికే రావచ్చు. దాటి పోనిచ్చి, వెనక నంబరు ప్లేటు మీద వెయ్యి. 2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండ్లన్నిటికీ హైసెక్యూరిటీ ప్లేట్లే, లైటు పడితే తళుక్కుమంటాయి. నంబరు గట్టిగా చదువు, వాళ్లకు వినపడేలా. ఇంటికి పోగానే రాసిపెట్టుకో. ఆపినా, వెంటపడినా 112 కొట్టు. పోయిన నెల జరిగింది కూడా పోలీసుల షీ టీమ్‌కు చెప్పాల్సిందే. ఏదో అని వెళ్లిపోయారు కదా అని ఊరుకుంటే మూడో రోజు వాళ్లకు నీ బస్సు టైము తెలిసిపోతుంది. నేను ఎంత మంచి టార్చి చెప్పినా ఈ పని అది చేయదు. మీ తమ్ముడికి ఆన్‌లైన్‌లో వెతికే తీరిక ఉంది కాబట్టి, వారంలో కొన్ని రోజులు స్టేజీ దాకా వచ్చే తీరిక కూడా ఉంటుందనుకుంటా. అడుగు.

బస్సు దిగగానే బయల్దేరకు. బస్సులో తెల్లటి లైట్ల కింద కూర్చున్న కళ్లకు బయట అంతా నల్లగా ఉంటుంది. కళ్లు పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అంతసేపు ఎవరూ నిలబడరు. ఒక్క నిమిషం ఆగినా తేడా తెలుస్తుంది. టార్చి అప్పటికే చేతిలో ఉండాలి. నడకకు చిన్న వెలుగే వాడు, వంద ల్యూమెన్ల లోపు. రెండు మూడడుగుల ముందు నేల మీద పడేలా పట్టుకో. పెద్ద వెలుగు మలుపు దగ్గర, తోట గేటు దగ్గర, చప్పుడు వినిపించినప్పుడు. ఎప్పుడూ పెద్ద వెలుగుతోనే నడిస్తే ఆ వెలుగు అంచు దాటి నీకు ఏమీ కనిపించదు, నువ్వు మాత్రం ఊరవతలి దాకా కనిపిస్తావు. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన నడువు.

చేను కాడి నుంచి వచ్చే మనవాళ్లు ఎదురైతే లైటు కాళ్ల మీద వేసి ‘ఎవరు?’ అని అడుగు. మొహం మీద వేస్తే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. తెలియని మనిషి అయితే కాళ్ల నుంచి చేతులకు ఎత్తు. మొహం కన్నా ముందు చేతులు చూడాలి. కుక్కలకు లైటు ఒక్కటే మందు కాదు. కొన్ని ఆగుతాయి, కొన్ని ఇంకా రెచ్చిపోతాయి. పరుగెత్తకు, ఎడమ చేతిలో బెత్తం కర్ర ఉంచుకో.

సెల్లు దగ్గర జాగ్రత్త. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇనుప టార్చిలో సెల్లు అలాగే వదిలేసి ఎండాకాలమంతా అటక మీద పెట్టాను. మొదటి గాలివానకు తీస్తే స్విచ్చు కదల్లేదు. మూత విప్పితే సెల్లు కారి, స్ప్రింగు తుప్పు పట్టి, లోపలంతా తెల్లటి పొక్కు. ఆ రాత్రి అగ్గిపుల్ల వెలుగులో ఫ్యూజు తీగ కట్టాను. ఇప్పుడైతే అలాంటి పని చేసినందుకు నన్ను నేనే సస్పెండు చేసుకుందును.

ఇప్పటి టార్చీల్లో ఎక్కువగా వచ్చేది 18650 అనే లిథియం సెల్లు. పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై అయిదు పొడుగు, 3.7 వోల్టులు. అది ఉన్నదే తీసుకో, యూఎస్‌బీ-సి పిన్నుతో ఫోన్ చార్జరుకే పెట్టుకోవచ్చు. కానీ సెల్లు బయటికి వచ్చేదై ఉండాలి. లోపలే అతికించినదైతే రెండు మూడేళ్లకు సెల్లు దిగిపోతే టార్చి మొత్తం పారేయాలి. విడిగా సెల్లు కొనాల్సి వస్తే అంకె చూడు. ఈ సైజులో నిజమైన సెల్లు మామూలుగా 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతుంది. 9,900 అని రాసి ఉంటే అబద్ధమే. కిరాణా తక్కెడలో పెట్టినా దొరికిపోతుంది, మంచిది నలభై అయిదు గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, దొంగది తేలిగ్గా ఉంటుంది. విడి సెల్లును తాళాలు, చిల్లర ఉన్న పర్సులో వేయకు. రెండు కొనలూ ఇనుముకు తగిలితే నిప్పు పుడుతుంది. మే నెలలో బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయకు, అరవై డిగ్రీలు దాటితే ఈ సెల్లుకు ప్రమాదం. మన నల్లగొండ ఎండకు మూసిన డిక్కీ ఎంత కాలుతుందో నీకు తెలుసు.

వానకు ఐపీఎక్స్4 అంటే తుంపర్లకు ఆగుతుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా బతుకుతుంది. రెండోది దొరికితే మంచిది.

పదిహేను వందల్లో ఇవన్నీ ఒకేదాంట్లో దొరక్కపోవచ్చు. అప్పుడు ల్యూమెన్లు వదులుకో, రంగు వదులుకో, మోడ్లు వదులుకో. స్విచ్చునూ సెల్లునూ వదులుకోకు. వచ్చాక మీ దారిలోనే ఒక రాత్రి తమ్ముడితో పరీక్ష చెయ్యి. వాణ్ని యాభై అడుగుల అవతల నిలబెట్టి లైటు వెయ్యి, చేతిలో ఏం పట్టుకున్నాడో నువ్వు చెప్పగలగాలి. చెప్పలేకపోతే గడువు దాటకముందే వాపసు పంపు.

మీ ఆడపిల్లల బట్టలకు జేబులు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. క్లిప్పు ఉన్నది చూసుకుని సంచి పట్టీకి, భుజం దగ్గర తగిలించు. మణికట్టుకు వేసుకునే తాడు కూడా కట్టు, కంగారులో కిందపడితే చీకట్లో వెతుక్కోవాల్సి వస్తుంది. టిఫిన్ డబ్బా కింద, గొడుగు కింద పెట్టావా, అది ఇంట్లో ఉన్నట్టే. సంచిలో పెట్టక తప్పని రోజు వెనక మూత పావు చుట్టు వదులు చెయ్యి. చాలా లోహపు టార్చీల్లో అలా చేస్తే తనంతట తాను వెలగదు. దిగే స్టేజీకి ముందు మళ్లీ బిగించు, మర్చిపోకు.

అమ్మకు ఇదే రకం కొనకు. మోడ్లు, చార్జింగులు ఆమెకు తలనొప్పి. రెండు ఏఏ పెన్ను సెల్లులు పట్టే టార్చి, ఒకే వెలుగు, పక్కన జరిపే స్విచ్చు ఉన్నది తీసుకో. మీ ఊరి కిరాణాలోనే సెల్లు దొరుకుతుంది. రెండు నెలలకోసారి నువ్వే మూత విప్పి చూడు, తెల్ల పొడి కనిపిస్తే సెల్లు మార్చు. దొడ్డి తలుపు పక్కన మేకు కొట్టి తగిలించు. ఆమె చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో ముందు కనుక్కుని కొట్టు.